పుస్తకం కంటబడాలి

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో పుట్టింది. మరుసటి ఏడే గ్రంథాలయం మొదలైంది. 1930లో వాల్తేరు చేరాక, కవీ నాటక ప్రయోక్తా అయిన అబ్బూరి రామకృష్ణరావు గారు గ్రంథపాలకులు కావడం దానికి బాగా కలిసొచ్చింది. పుస్తకాలు లెక్క చూసి తాళం వేసే ఉద్యోగి వేరు, వాటిని చదివిన మనిషి వేరు. చదివిన మనిషి కౌంటరు దగ్గరుంటే అడిగిన పుస్తకంతో పాటు అడగని పుస్తకాన్నీ కుర్రవాడి చేతిలో పెట్టగలడు.

పుస్తకాలున్నది వాడకానికేనని మద్రాసులో గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లో సూత్రీకరించారు. 1935 నాటికే ఆంధ్ర విశ్వవిద్యాలయం గ్రంథాలయ శాస్త్రంలో డిప్లొమా పెట్టింది. 1942 ఏప్రిల్‌లో విశాఖ మీద జపాను బాంబులు పడ్డాక విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలి, యుద్ధం ముగిశాక తిరిగొచ్చింది. 1949 నుంచి ఉపాధ్యక్షులుగా ఉన్న వి.ఎస్. కృష్ణ గారి పేరే నేడు గ్రంథాలయానిది. అచ్చు పుస్తకాలతో పాటు తాళపత్రాలూ అక్కడ ఉన్నాయి.

విశాఖ సంగతి అలా ఉంటే, మా ఊరు అడవిపొలం యానాంలోది. చుట్టూ గోదావరి సీమే అయినా 1954 దాకా మాది ఫ్రెంచి పాలన. ఇప్పుడు మా పిల్లల డిగ్రీ పట్టా పుదుచ్చేరి విశ్వవిద్యాలయానిది. అక్కడి గ్రంథాలయానికి ఆనందరంగ పిళ్ళై పేరు పెట్టారు. ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసీగా చేస్తూ దినచర్య రాసిన ఆయనకు కస్తూరి రంగకవి తెలుగులో ఒక ఛందోగ్రంథమే అంకితమిచ్చాడు, ఆనందరంగరాట్ఛందమని. ఫోనులో దాన్ని వెతకాలంటే ముందు పేరు తెలిసుండాలి. బీరువాలో అయితే పక్క పుస్తకం కోసం వెళ్ళినవాడికీ కనబడుతుంది. అచ్చు పుస్తకాల గదికి ఉన్న అసలు బలం అదే.

ఇవాళ మన విశ్వవిద్యాలయాల రీడింగ్ హాళ్ళు ఖాళీగా లేవు. పోటీ పరీక్షల వాళ్ళు సొంత మెటీరియల్ తెచ్చుకుని పొద్దుటే సీటు పట్టుకుంటారు. బీరువాల వైపు మాత్రం అడుగు పడదు. చదవండని గోడమీద రాసినంత మాత్రాన పడదు కూడా. చేరిన మొదటి వారంలోనే పిల్లల్ని బీరువాల మధ్య తిప్పాలి. సిలబస్‌లో లేని పుస్తకం ఒకటి ప్రతి అధ్యాపకుడూ పేరుతో సహా చెప్పాలి. కొత్తగా వచ్చినవి గుమ్మం దగ్గరే పెట్టాలి.

ఆంధ్ర విశ్వవిద్యాలయం శతజయంతికి ఎన్ని పుస్తకాలున్నాయో చెప్పుకోవడం కంటే, ఏది ఎన్నేళ్ళుగా బయటికి పోలేదో లెక్క తీయడం మేలు. ఆ జాబితా చేతికొస్తే ముందు ఏ శాఖ వాళ్ళతో మాట్లాడాలో గ్రంథపాలకులకే తెలుస్తుంది.