బ్యాంకు శబ్దవిచారము

రూప మొకటియై యర్థములు పెక్కైనప్పుడు శబ్ద మొకటియా, పెక్కులా యను విచారము వ్యాకరణశాస్త్రమునఁ బ్రాచీనము. ఏకశేషప్రకరణమునఁ బతంజలి అక్ష, పాద, మాష శబ్దముల నిట్టివానికే యుదాహరించెను. ఆంగ్లభాషయందలి బ్యాంకు శబ్దమును నీ విచారమునకుఁ దగినది.

దానికి నదీతీర మొక యర్థము, ధనవ్యవహారశాల మఱియొకటి. ఈ రెంటికి సంబంధము తోఁపదు గావున నిఘంటుకారులు వానిని వేఱు పదములుగా నెక్కించిరి. అవి వచ్చిన త్రోవలును వేఱే. తీరార్థకము స్కాండినేవియా భాషనుండి మధ్యాంగ్లమునఁ జేరినది. ధనార్థక మిటలీనుండి వచ్చినది. అచ్చట నాణెములు మార్చు వర్తకులు వేసికొను బల్లకు బాంకా యని పేరు. అది క్రమముగా వారి వ్యాపారమునకే పేరై, ఫ్రెంచిభాషద్వారమున 15వ శతాబ్దాంతమున నాంగ్లమునఁ బ్రవేశించినది. దివాలాకోరును దెలుపు బ్యాంక్రప్టు పదమున, బల్ల విఱిగెనను మూలార్థము నేఁటికిని నిలిచియున్నది.

అయినను బాంకా యిటలీవారి సొత్తు గాదు. జర్మానిక్ భాషలనుండి గైకొన్నది. తీరార్థకమును నా కుటుంబమునకుఁ జెందినదే. బెంచి యనునదియు వీని కాప్తబంధువు.

బ్యాటు శబ్దము తీరు వేఱు. ఆటకఱ్ఱకుఁ బేరైనది ప్రాచీనాంగ్లపదము. గబ్బిలమునకు మొదటి పేరు కకారముగల బాకె. పిదప నది టకారాంతమై కఱ్ఱపేరితో సరూపమయ్యెను. ఇందు బంధుత్వ మించుకయు లేదు.

కావున రూపసామ్యము శబ్దైక్యమును స్థాపింపదు. అర్థభేదము దానిని ఖండింపదు. పదము నడచివచ్చిన త్రోవయే ప్రమాణము. తెలుఁగున నన్యదేశ్యములై చేరిన బెంచి, బ్యాంకు పదములను నిఘంటుకర్త వేఱువేఱుగా నెక్కించుట యుక్తమే. వాని జ్ఞాతిత్వమును దెలుపకుండుట మాత్రము లోపము.