మెహబూబ్ కీ మెహందీ తర్వాత

హైదరాబాద్ పాతబస్తీలోని మెహబూబ్ కీ మెహందీ ఒకప్పుడు వ్యభిచార గృహాలకు పేరుపడ్డ వాడ. 1996లో దాన్ని ఖాళీ చేయించినప్పుడు అక్కడి స్త్రీలు పిల్లలతో సహా రోడ్డున పడ్డారు. ఆ ఏడాదే సునీతా కృష్ణన్, బ్రదర్ జోస్ వెట్టికాటిల్ కలిసి ప్రజ్వల సంస్థను ప్రారంభించారు. తల్లుల బతుకే పిల్లలకూ రాకూడదని, ఖాళీ అయిన ఓ ఇంట్లో బడి పెట్టడం వారి తొలి పని.

వ్యభిచార గృహం నుంచి విడిపించి తెచ్చినంత మాత్రాన అమ్మాయి కోలుకున్నట్టు కాదు. ఒంటి మీది గాయాలు, కొన్నిసార్లు హెచ్ఐవీ, నిద్రపట్టనివ్వని భయం, ఎవరినీ నమ్మలేని మనసు ఆమె వెంటే వస్తాయి. పైగా ఇంటివాళ్లే కాదనడం అన్నిటికన్నా క్రూరమైన దెబ్బ. అందుకే వైద్యం, కౌన్సెలింగ్, చదువు, కోర్టులో సాక్ష్యానికి తోడు, ఇవన్నీ ఏళ్ల తరబడి సాగాలి. ఉపాధి విషయంలో ప్రజ్వల కుట్టుమిషను దగ్గర ఆగలేదు. మగవాళ్లవిగా చెలామణీ అయిన వెల్డింగ్, వడ్రంగం లాంటి పనులూ నేర్పింది. ప్రజ్వల చరిత్రలో అన్నిటికన్నా ధైర్యమైన అడుగు ఇదే. సొంత సంపాదన ఉన్న అమ్మాయిని దళారి మళ్లీ లొంగదీయడం కష్టం.

అక్రమ రవాణా బాధితుల రక్షణ కోసం ప్రజ్వల 2004లో వేసిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు 2015లో ఉత్తర్వులిచ్చింది. అదే ఏడాది జాతీయ న్యాయసేవాధికార సంస్థ ఇలాంటి బాధితుల కోసం ప్రత్యేక పథకం తెచ్చింది.