ష్వేజిన్ రేవులో తాతయ్య లారీ

ఫొటోని కిటికీ దగ్గరికి పట్టుకెళ్లు. వెలుగు పక్కనుంచి పడనీ. కళ్లు ముందు తాతయ్య మొహం మీదికే పోతాయి. ఆపుకో. ఆయన చెయ్యి ఆనించిన ఇనుముని చూడు.

మూతి పొట్టి. ఇంజను సగం డ్రైవరు కూర్చునే చోటులోకే దూరింది. కెనడాలో సైన్యం కోసమే తయారైన లారీల వాలకం ఇది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేలోపు ఇలాంటివి లక్షల్లో బయటికొచ్చాయి. ఫోర్డ్, షెవర్లే రెండూ ఒకే నమూనాలో చేశాయి కాబట్టి దూరం నుంచి తేడా తెలియదు. భూతద్దాన్ని రేడియేటరు ముందున్న జాలీ మీదికి జరుపు. గళ్లు నిలువు చదరాలైతే ఫోర్డ్. ఏటవాలు గీతలతో డైమండు గళ్లైతే షెవర్లే.

గీతలు ఏటవాలుగా పోతున్నాయి.

ఇప్పుడు ముందు అద్దం. 1941 చివర్లో మొదలైన రకానికి అద్దం పై అంచు ముందుకు వాలి ఉంటుంది. ఎండకి తళుక్కుమంటే పైనున్న విమానానికి ఆచూకీ దొరుకుతుందని అలా వంచారు. ఇక్కడ అద్దం నిటారుగా ఉంది. అంటే అంతకు ముందు రకం. 1942లో బర్మా నుంచి వెనక్కి వచ్చిన మనిషి నడిపిన బండికి లెక్క సరిపోతోంది. ముందు ఇరుసు మధ్యలో గుండ్రటి ఉబ్బు కూడా కనిపిస్తోందా? ముందు చక్రాలకీ ఇంజను బలం అందుతుందన్నమాట. జాలీ గళ్లు లెక్కపెడుతూ కూర్చోవడం చాదస్తం అనేవాళ్లుంటారు. ఆయన చేతులు రోజుల తరబడి దేన్ని పట్టుకున్నాయో తెలియకపోతే, ఆయన దాటొచ్చిన దారి మనకి దేశపటం మీద గీతగానే మిగిలిపోతుంది.

ఎక్కు.

మే నెల, 1942. స్టీరింగు కుడిపక్క. ఎడమ మోకాలు ఇంజను మూతకి తగిలి చురుక్కుమంటోంది. పాదాలకి చోటు చాలదు. పెట్రోలు వాసన, చెమట వాసన, వెనక తొట్టిలోంచి చీము వాసన. గాయపడ్డ సిపాయిలు అక్కడ ఒత్తిగిలే జాగా కూడా లేకుండా పడుకుని ఉన్నారు. రంగూన్ మార్చిలోనే జపాన్ చేతికి పోయింది. చైనాకి పంపాల్సిన అమెరికా లారీలు, ఇంకా బిగించనివి, ఆ రేవులో 900కు పైగా ఉంటే శత్రువుకి చిక్కకూడదని అక్కడే పాడుచేశారు. అప్పట్నుంచీ సైన్యం వెనక్కే నడుస్తోంది. యేయూ ఊరు దాటాక చిండ్విన్ నది దాకా 100 మైళ్లకు పైగా అడవి బాట.

ముందు ఎండిన వాగు. బర్మావాళ్లు చాంగ్ అంటారు. ఒడ్డు దిగగానే వెనక చక్రాలు ఇసుకలో ఊరికే తిరుగుతాయి. లివరు లాగి ముందు ఇరుసుని కలుపు. బండి ఒక్క కుదుపు కుదుపుతుంది, అది నీ నడుములో తెలుస్తుంది. ఆ గుండ్రటి ఉబ్బు చేసే పని ఇదే. వెనక ఎవరో అరుస్తారు. ఆపకు.

బాట పక్కన జనం. రంగూన్ రేవులో బస్తాలు మోసినవాళ్లు, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్లు. విశాఖ, గోదావరి జిల్లాల నుంచి ఓడెక్కి వెళ్లినవాళ్లు వీళ్లలో ఎందరో. ఇంత దూరంలో, ఈ దుమ్ములో, తెలుగు చెవిన పడుతుంది.

"బాబూ! ఈ పిల్లనైనా ఎక్కించుకో నాయనా!"

ఆగితే దిగబడతావు. వెనకున్న బళ్లన్నీ ఆగుతాయి. వెళ్లిపోతే ఆ గొంతు జన్మంతా నీతో వస్తుంది. ఏం చేస్తావు?

గేరు తగ్గించు. ఆపకుండా తలుపు తియ్యి. చెయ్యి చాపు. మడిచిన గోనె మీద, ఇంజను మూత మీద పిల్ల. మెట్టు మీద కాలేసి, తలుపుకి వేలాడుతూ తల్లి.

ష్వేజిన్. నది ఒడ్డున పల్లం, చుట్టూ నిట్టనిలువు గుట్టలు. పల్లం నిండా లారీలు, ట్యాంకులు, కార్లు, వాటి మధ్య మనుషులు. చేరాల్సిన కలేవా ఆవలి ఒడ్డున, ఎగువన 6 మైళ్లు. తీసుకెళ్లడానికి ఆరు స్టీమర్లే. ఒక్కోదాంట్లో 500 మందికి పైగా కుక్కుకోవచ్చు గానీ లారీలు ఒకటో రెండో మించి పట్టవు. గాయపడ్డవాళ్లని మోసుకెళ్లి ఎక్కిస్తున్నారు. వాళ్ల వెనకే తల్లీ పిల్లా చెక్క మీదుగా ఎక్కేస్తారు. ఎవరూ అడ్డు చెప్పరు. నీ లారీ వరసలో ఉంది. వరస కదలదు.

మే 10. తెల్లవారకముందే తుపాకుల మోత. దక్షిణపు గుట్టల మీద జపాన్‌వాళ్లు. గూర్ఖాలు, జాట్లు ఎదురు నిలబడ్డారు. మోర్టారు గుండు పల్లంలో పడుతుంది. ఇంకోటి. నువ్వు లారీ కింద. మట్టి నోట్లోకి. స్టీమర్లు ఇక రేవుకి రావు. తుపాకీ దూరంలోకి రావడానికి సరంగులకి ధైర్యం చాలదు, వాళ్లని తప్పుపట్టలేం.

మధ్యాహ్నం. ఎండ. నీళ్లు లేవు.

సాయంత్రం ఆర్డరు వస్తుంది. బళ్లు వదిలెయ్యండి. పనికి రాకుండా చెయ్యండి.

డ్రెయిన్ ప్లగ్గు విప్పు. ఇంజనాయిలు ఇసుకలోకి కారుతుంది. రేడియేటరు నీళ్లు వదిలెయ్యి. ఎక్కి కూర్చో. స్టార్ట్ చెయ్యి. ఆరు సిలిండర్లు, వరసగా. ఫోర్డ్ అయితే ఎనిమిది ఉండేవి. ఈ ఆరింటి శబ్దం నీకు నిద్రలోనూ తెలుసు. యాక్సిలరేటరు తొక్కు. పూర్తిగా. కాలు తియ్యకు. శబ్దం మారుతుంది. గీరుతుంది. మూత కాలుతుంది. కాలు తియ్యకు.

టక్కున ఆగింది. సీజయింది.

దిగు.

పొద్దుగూకుతుంటే మన ఫిరంగులన్నీ ఒక్కసారి మొదలవుతాయి. ఉన్న గుళ్లన్నీ కాల్చేస్తున్నారు, మోసుకెళ్లే దారి లేదు. ఆ మోత చాటున నడవాలి. తూర్పు ఒడ్డు వెంబడే సన్నని కాలిబాట. ట్యాంకులు కూడా ఇక్కడే మిగిలిపోతాయి, నది దాటింది ఒక్క స్టువర్ట్ ట్యాంకే. ముందువాడి వీపు చూసుకుంటూ నడు. కలేవా ఎదురుగా పడవ దొరుకుతుంది. ఆవల కబావ్ లోయ, మలేరియా. రెండు రోజుల్లో వాన పట్టుకుంటుంది. భారత సరిహద్దు దగ్గరి టాము ఇంకా 90 మైళ్లు. హవల్దారు వెనకనుంచి తోస్తున్నాడు, నడు.