తెలుగు ఇంటి వడ్రంగం: దూలం నుంచి గడప దాకా

సిమెంటు శ్లాబు రాకముందు తెలుగు ఇల్లు కర్ర బలం మీదే నిలిచేది. గోడ మట్టిదైనా, రాతిదైనా, ఇటుకదైనా కప్పు బరువు దూలాల మీద పడేది. దొరికిన దూలం పొడవును బట్టే గది వెడల్పు కుదిరేది. ఇంటి కొలతల్లో వడ్రంగి మాటకు అంత విలువ ఉండటానికి కారణం ఇదే.

వడ్రంగి అన్న పేరు సంస్కృతంలోని ‘వర్ధకి’ నుంచి ప్రాకృతం మీదుగా వచ్చింది. వడ్లంగి, వడ్లవాడు అన్న రూపాలూ ఉన్నాయి. కమ్మరం, వడ్రంగం, కంచరం, శిల్పం, కంసాలం అనే విశ్వబ్రాహ్మణుల అయిదు వృత్తుల్లో ఇది ఒకటి. ఊరికి కట్టుబడి పనిచేసే పన్నెండుగురు ఆయగాళ్ళలోనూ వడ్రంగి ఉండేవాడు. రైతుల నాగళ్ళు, గుంటకలు బాగుచేసి, పంట నూర్చాక కళ్ళంలో తన మేర ధాన్యం కొలిపించుకునేవాడు. ఇల్లు కట్టే పని ఈ లెక్కలో చేరదు. దానికి కూలి వేరు.

కప్పును బట్టి పని మారేది. వాన తక్కువైన రాయలసీమలోనూ, తెలంగాణలో చాలాచోట్లా మిద్దె ఇళ్ళు కట్టారు. దూలాల మీద దంతెలు, వాటి మీద చెక్కలో పుల్లలో పరిచి, పైన మట్టిని దట్టంగా వేసేవారు. సీమలో నీరు దిగకుండా చవుడు పోసేవారు. ఆ బరువును ఏళ్ళ తరబడి మోయడానికి చేవదేరిన కర్ర కావాలి. టేకు, నల్లమద్ది, వేప అందుకు పనికొచ్చేవి.

వానలు ఎక్కువైన కోస్తాలో కప్పు వాలుగా ఉండాలి. అక్కడ ముదిరిన తాడిచెట్టు వాసాలిచ్చేది. తాటికి చేవ బెరడు వైపున ఉంటుంది, నడిమి భాగం మెత్తన. అందుకే మానును నిలువునా చీల్చి, లోపలి మెత్తదనమంతా చెక్కేసి, నల్లటి చేవను మాత్రమే వాడేవారు. కోస్తా వడ్రంగానికి మండువా లోగిలి పెద్ద పరీక్ష. నాలుగు వైపుల కప్పులూ ఇంటి నడుమనున్న ఆకాశపు జాగాలోకి వాలుతాయి. రెండు వాలులు కలిసే ప్రతి మూలలో ఐమూలగా ఒక కర్ర దిగుతుంది. దాని కోత ఏ కాస్త తప్పినా ప్రతి వానకూ ఆ మూల కురుస్తుంది.

ఈ పనంతా బాడిశ, ఉలి, రంపం, బరమా, చిత్రికలతో సాగేది. ఇనుప మేకుల వాడకం తక్కువ. ఒక కర్ర చివర నాలుకలా చెక్కి, మరో కర్రలో తొలిచిన బెజ్జంలోకి దించి, అడ్డంగా చెక్కచీల బిగించేవారు. చీల ఊడగొడితే అతుకు విడిపోతుంది. చెద తిన్న వాసాన్ని ఒక్కదాన్నే తీసి మార్చడానికీ, పాత ఇంటి స్తంభాలను, తలుపులను కొత్త ఇంటికి తరలించడానికీ ఆ అతుకే వీలు కల్పించింది.

కర్రపనిలో ఇంటివాళ్ళు పండగలా జరుపుకునేది ద్వారబంధం ఎత్తడం. ముహూర్తం చూసి, గడపకు పసుపు కుంకుమలు పెట్టి, కింద నవధాన్యాలు, నాణేలు వేసి సింహద్వారాన్ని నిలిపేవారు. ఆ రోజు వడ్రంగికి కొత్తబట్టలు, సంభావన అందేవి.

గోడలోని అరల కథ వేరు. మట్టిగోడలు మందంగా ఉండటంతో వాటిలోనే దీపానికీ, సామానుకూ గూళ్ళు వదిలేవారు. వాటికి చెక్క అరలు, తలుపులు బిగిస్తే అలమర అయింది. అలమర, మేస్త్రీ, రెండూ పోర్చుగీసు నుంచి వచ్చిన మాటలే. పడమటి సముద్రాలు దాటి వచ్చిన పని పద్ధతులు మన ఇళ్ళలోకి చేరిన జాడ ఈ మాటల్లో నిలిచింది.

19వ శతాబ్దంలో కలప దారులు మారాయి. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో గోదావరి డెల్టా పండింది. చేతిలో డబ్బు ఆడటంతో పెద్ద లోగిళ్ళు లేచాయి. ఎగువ అడవుల కలప నది మీద తేలుతూ రాజమండ్రికి చేరేది. 1882 మద్రాసు అటవీ చట్టం అడవులను రిజర్వు చేయడంతో చెట్టు కొట్టడానికి సర్కారు అనుమతి తప్పనిసరైంది. 1826 నుంచి 1886 లోపు బర్మా దశలవారీగా బ్రిటిషు పాలనలోకి వెళ్ళాక అక్కడి టేకు ఓడల్లో ఇక్కడి రేవులకు వచ్చింది. అదే సముద్రం మీద వేలాది తెలుగువాళ్ళు కూలికి రంగం (రంగూన్) వెళ్ళారు.

కప్పు కూడా మారింది. 1865లో మంగళూరులో బాసెల్ మిషన్ పెంకుల కర్మాగారం పెట్టింది. కుమ్మరి చేసిన గూనపెంకు వాసం కాస్త వంకరపోయినా సర్దుకుంటుంది. మంగళూరు పెంకుకు అడుగున ఉండే కొక్కెం, వాసాల మీద అడ్డంగా కొట్టే రీపరును పట్టుకోవాలి. అందువల్ల రీపర్లన్నీ సమదూరంలో, వాసాలన్నీ ఒకే మట్టంలో ఉండాల్సి వచ్చింది. కంటి అంచనాకు తోడు కొలబద్ద తప్పనిసరైంది.

1942లో జపాను బర్మాను ఆక్రమించడంతో ఆ టేకు ఆగింది. స్వాతంత్ర్యం తర్వాత సిమెంటు, ఇనుప చువ్వలు ఊళ్ళకు చేరాయి. శ్లాబు వచ్చాక దూలం, దంతె, వాసం మూడూ అవసరం లేకుండా పోయాయి. వడ్రంగికి ఇంట్లో మిగిలిన పని తలుపులు, కిటికీలు, అలమరలు. శ్లాబు పోయడానికి కింద చెక్కలు కొట్టే సెంట్రింగు వేరే పనిగా ఎదిగింది. 1959లో ఫెవికాల్ రావడంతో జంతువుల తోలు, ఎముకల నుంచి కాచి వేడిగా పూసే బంక మూలపడింది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు అడవుల నరికివేతకు, అనుమతి లేని కోత మిల్లులకు కళ్ళెం వేసింది. 2014లో మయన్మార్ (ఒకప్పటి బర్మా) దుంగల ఎగుమతిని నిషేధించింది. గట్టి కర్ర ఖరీదైంది. దాని చోటును ప్లైవుడ్, లామినేట్ ఆక్రమించాయి.

ఇప్పుడు గోడలు పలచన కాబట్టి పాత గూడు లేదు. గోడ ముందు ప్లైవుడ్‌తో గది కొలతకు వార్డ్‌రోబ్ కడుతున్నారు. హైదరాబాదులో ఈ పనికి ఉత్తరాది నుంచి వచ్చిన కార్పెంటర్లు కూడా ఉన్నారు. ఇంటి లోపలి తలుపులు ఫ్లష్ డోర్లయినా, సింహద్వారానికి మాత్రం చాలా కుటుంబాలు నేటికీ టేకే వెతుకుతాయి. కప్పు మోసిన కర్ర వెళ్ళిపోయినా, ముహూర్తం చూసి ద్వారబంధం ఎత్తే ఆనవాయితీ నిలిచే ఉంది.