గదిలోకి పోనివ్వకపోయినా పని నేర్చుకున్న ఆరుగురు



మన పిల్లలు ఇప్పుడిప్పుడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లోకి పోతున్నారు. ఇంట్లో అడుగుదామంటే ఆ పని చేసినవాళ్ళు ఎవరూ లేరు. చేరిన అన్నలు, అక్కలు మాకు చెప్పేది ఒకటే: పని కన్నా మొదటి రెండు నెలలు కష్టం. టీంలో అందరికీ అన్నీ తెలిసినట్టు, మనకొక్కరికే ఏమీ తెలియనట్టు ఉంటుందట. కొత్తవాళ్ళకి పని నేర్పడం అనేదానికి కూడా ఒక చరిత్ర ఉంది. అది తెలిస్తే ఈ భయం కొంత తగ్గుతుందని రాస్తున్నాం.

1945కి పోదాం. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో, పెన్సిల్వేనియా యూనివర్సిటీలో, సైన్యం కోసం ఎనియాక్ అనే కంప్యూటర్ కడుతున్నారు. దాదాపు 18,000 వాక్యూమ్ ట్యూబులు, గది నిండా యంత్రమే. ఫిరంగి గుండు ఎట్లా పోయి ఎక్కడ పడుతుందో లెక్క కట్టడం దాని పని. అప్పట్లో ప్రోగ్రామ్ అంటే టైప్ చేసేది కాదు. వైర్లు మార్చి గుచ్చాలి, స్విచ్చులు తిప్పాలి. ఆ పనికి ఆరుగురు ఆడవాళ్ళను తీసుకున్నారు: కే మెక్‌నల్టీ, బెట్టీ జెనింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సెస్ బిలాస్, రూత్ లిక్టర్‌మన్.

జెనింగ్స్ మిస్సోరీలో రైతు బిడ్డ. మెక్‌నల్టీ ఐర్లండ్‌లో పుట్టారు. ఇంటి భాష ఐరిష్, ఇంగ్లీషు అమెరికా వచ్చాక నేర్చుకున్నదే. ఇంట్లో గోండీ, కోయ, సవర మాట్లాడి బడిలో తెలుగు నేర్చుకున్న మనకి దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

యంత్రం సైనిక రహస్యం కాబట్టి మొదట్లో వాళ్ళని ఆ గదిలోకే పోనివ్వలేదు. ప్రోగ్రామ్ ఎట్లా చేయాలో చెప్పే పుస్తకం లేదు. నేర్పే సీనియర్ కూడా లేరు, ఆ పని అంతకుముందు ఎవరూ చేయలేదు మరి. చేతిలో పెట్టింది యంత్రం పటాలు మాత్రమే. వాళ్ళు భాగాలు పంచుకుని చదివారు, తెలిసింది ఒకరికొకరు చెప్పుకున్నారు, అర్థం కానిది ఇంజనీర్లను అడిగారు. చివరికి యంత్రం ఆగితే ఏ ట్యూబు పోయిందో కూడా చెప్పగలిగారు. 1946 ఫిబ్రవరిలో ఎనియాక్‌ను లోకానికి చూపించినప్పుడు నడిచిన గుండు లెక్క జెనింగ్స్, స్నైడర్ చేసిందే. ఆ రాత్రి విందుకి మాత్రం వాళ్ళని పిలవలేదు.

ఈ కథ విని "చూశారా, ఎవరూ నేర్పకపోయినా నేర్చుకోవచ్చు" అనేవాళ్ళు ఉంటారు. మేము అట్లా అనుకోం. వాళ్ళు ఆరుగురు కలిసి ఉన్నారు. అడిగితే చెప్పేవాళ్ళు దగ్గర్లో ఉన్నారు. ఒంటరిగా కూర్చోబెట్టి, అడిగితే విసుక్కుంటే ఏమయ్యేదో!

నేర్పడానికి అయ్యే ఖర్చుని తర్వాత లెక్కగా చెప్పింది ఫ్రెడ్ బ్రూక్స్. 1960లలో ఐబీఎంలో ఓఎస్ 360 అనే పెద్ద సాఫ్ట్‌వేర్ పని నడిపించారు. అది బాగా ఆలస్యమైంది. ఆ అనుభవంతో 1975లో "ది మిథికల్ మ్యాన్ మంత్" పుస్తకం రాశారు. ఆలస్యమైన పనిలోకి ఇంకా మనుషుల్ని తెస్తే అది మరింత ఆలస్యమవుతుందన్నారు. కారణాలు రెండు. కొత్తవాళ్ళకి నేర్పాల్సింది పని తెలిసిన పాతవాళ్ళే, అంతసేపు వాళ్ళ పని ఆగుతుంది. రెండోది, మనుషులు పెరిగేకొద్దీ మాట్లాడుకోవాల్సిన జంటలు పెరుగుతాయి. 5 మంది ఉంటే 10 జంటలు, 10 మంది ఉంటే 45.

దీని అర్థం కొత్తవాళ్ళు బరువు అని కాదు. నేర్చుకునే కాలం ప్రతి కొత్త మనిషికీ ఉంటుంది, దాన్ని టీం ముందే లెక్కలో పెట్టుకోవాలి. ఇప్పుడు చాలా టీంలు కొత్తవాళ్ళకి ఒక తోడు మనిషిని ఇస్తాయి, మొదట చిన్న తప్పు సరిచేసే పని ఇస్తాయి, రాసిన కోడ్‌ని పక్కవాళ్ళతో చూపిస్తాయి. ఇవేవీ మనమీద జాలితో ఇచ్చేవి కావు, పని జరగడానికి కావాల్సినవి.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మొదటి వారంలోనే "ఎవరిని అడగాలి, ఎక్కడ రాసి ఉంది" అని అడగండి. ముందుపోయిన అన్నలూ, అక్కలూ, మీకు ఎవరూ చెప్పక ఇబ్బంది పడ్డవి నాలుగు మాటల్లో రాసిపెట్టండి. వచ్చే ఏడాది చేరేవాళ్ళకి అదే మొదటి పటం అవుతుంది.