గుండ్లకమ్మ నుంచి మెదక్ దాకా

మా ఒంగోలు బాప్టిస్టుల్లో ప్రార్థన అంటే కళ్లు మూసుకుని మనసులో ఉన్నది అప్పటికప్పుడు దేవుడికి చెప్పుకోవడమే. పుస్తకం చూసి చదివేదాన్ని మా నాయనమ్మ ప్రార్థన కింద లెక్కేసేది కాదు. "అది దొరల పద్ధతే" అనేది. మా పద్ధతి నేర్పిందీ దొరలే, కాకపోతే అమెరికా దొరలు. తెలుగునాట క్రైస్తవ కుటుంబాలు ఎక్కడ మోకరిస్తాయి, బిడ్డకి బాప్తిస్మం ఎప్పుడు ఇప్పిస్తాయి అన్నది వేదాంతం చదివి తేల్చుకున్న సంగతి కాదు. ముత్తాతల నాడు వాళ్ల ఊరికి ఏ మిషన్ వచ్చిందో దాన్నిబట్టే చాలావరకు స్థిరపడిపోయింది. మిషన్లు ఒకరి పొలంలోకి ఒకరు దిగకుండా ప్రాంతాలు పంచుకున్నాయి. నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులవి. గుంటూరులో 1842లో అడుగుపెట్టిన హయ్యర్ దొర లూథరన్. బందరు ఆంగ్లికన్లది, కడప లండన్ మిషన్‌ది, మెదక్ ఇంగ్లండు వెస్లియన్ మెథడిస్టులది.

మా చెల్లెలి కూతుర్ని మెదక్ సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్లింటికి ఇచ్చాం. ఆ చుట్టరికంతోనే ఒక ఆదివారం మెదక్ చర్చిలో ప్రభు సంస్కార ఆరాధనలో కూర్చున్నాను. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పున్న గుడి. గోపురం ఎత్తు దాదాపు 175 అడుగులు. రంగు అద్దాల కిటికీల్లో క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం. చాలామంది వాటిని చూడటానికే వస్తారు. నాకు మాత్రం ఆ గుడి లేచిన తీరే పెద్ద విషయం. సికింద్రాబాదులో సైనికుల మధ్య పనిచేసిన మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ అక్కడి నుంచి మెదక్ పల్లెలకు వచ్చాడు. కరువులో జనానికి పనీ తిండీ దొరకాలని 1914లో ఈ గుడి పని పెట్టించాడు. పదేళ్లు కట్టి 1924 డిసెంబరు 25న ప్రారంభించారు.

కరువు మాట వినగానే ఒంగోలు వాళ్లకి మా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర గుర్తురాక మానడు. 1876–78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని అడిగినవాళ్లకి ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని పట్టుబట్టి కూర్చున్నాడు. సహాయం పంచడం ఆగిపోయాక కూడా జనం వెనక్కి పోలేదు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది మునిగారు. క్లౌ ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తెలుగు బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్లలో నిలబడి ఇచ్చారు. మా చరిత్రలో ఇంతకన్నా గొప్ప రోజు లేదని నా నమ్మకం. దొరల పేర్లు స్కూళ్లకీ ఆసుపత్రులకీ పెట్టుకున్నాం. ఆ ఆరుగురి పేర్లు మా పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

ఇక ఆరాధన సంగతి. "పెద్దమ్మా, ఇప్పుడు లేవాలి", "పెద్దమ్మా, ఇక్కడ మోకాళ్లమీద" అంటూ మా పిల్ల చెవిలో చెబుతూనే ఉంది. నా పక్కన ఒక ముసలావిడ కూర్చుంది. చేతిలో పుస్తకం లేదు. పాపపు ఒప్పుకోలు, విశ్వాస ప్రమాణం, వర్షాల కోసం, పాలకుల కోసం చేసే విన్నపాలు, అన్నిట్లోనూ ఎక్కడా తడబడకుండా గొంతు కలిపింది. అక్షరం రాని పల్లెలకి ఆ క్రమం నోటికి వచ్చే చదువయింది. మా వైపు ఆ పని పాటలు చేశాయి.

ఒకరికొకరు సమాధానం (శాంతి) చెప్పుకునే ఘట్టం వచ్చింది. ఆవిడ నా వైపు తిరిగి తన కుడి అరచేతిని నా కుడి అరచేతికి ఆనించి, ఎడమచేత్తో నా చేతిని పైనుంచి కప్పింది. నేనూ అలాగే కప్పాను. రెండు జతల చేతులూ ఒక మూటలా అయ్యాయి. ఇది ఇంగ్లండు నుంచి దిగిన పద్ధతి కాదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అంతకుముందే ఒకటైన ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి దక్షిణ ఇండియా సంఘమయ్యారు. మెథడిస్టులు కట్టిన మెదక్ గుడికి బిషప్ పీఠం అలా వచ్చింది. కొత్త సంఘం 1950లో తన ఆరాధన క్రమం రాసుకున్నప్పుడు, కేరళ సిరియన్ క్రైస్తవుల్లో తరతరాలుగా ఉన్న ఈ చేతుల ఆచారాన్ని తీసుకుంది. మా నాయనమ్మ దొరలదన్న పుస్తకంలో మన దేశపు పాత ఆచారం ఉంది. మా బాప్టిస్టులు, లూథరన్లు ఆ కలయికలో చేరలేదు.

అయినా పాట మొదలవగానే నాకు పుస్తకం అక్కర్లేకపోయింది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు మాకూ వాళ్లకీ ఒకటే, పాట పైన రాగం, తాళం అచ్చేసిన అదే పుస్తకం. అందులో ఎన్నో పాటలు పురుషోత్తమ చౌదరివి. ఆయన 1833లో కటకంలో బాప్తిస్మం పొందిన బాప్టిస్టు. ఆయన పాట ఏ మిషన్ సరిహద్దు దగ్గరా ఆగలేదు. బిషప్పులు, సమావేశాలు ఏళ్ల తరబడి కూర్చుని సాధించలేకపోయిన ఐక్యత తెలుగు కవులు పాటతో సాధించారని నేను నిస్సంకోచంగా అంటాను.

ఆ రోజే ఒక పసిపాపకి బాప్తిస్మం ఇచ్చారు. అయ్యగారు తొట్టిలోంచి నీళ్లు తీసి నెత్తిమీద మూడుసార్లు పోశారు. ఇంటికొచ్చి భోజనాల దగ్గర నేను ఊరుకోలేదు. క్లౌ దొర కరువంతా అన్ని వేలమందిని ఆపింది ఎవరి మాట వాళ్లు సొంత నోటితో చెప్పాలనే కదా, ఊయలలో బిడ్డ ఏం చెబుతుంది అన్నాను. మా పిల్ల అత్తగారు, నాకు వరసకి వదిన, అన్నం వడ్డిస్తూనే, "అప్పటిదాంక పిల్ల ఎవరిదనుకోవాలె వదినా? దేవునిది కాదా?" అన్నారు. గట్టి ప్రశ్నే. దేవుడిదే కాబట్టి మేమూ బిడ్డను తెచ్చి సంఘం ముందు ప్రతిష్ఠిస్తాం, నీళ్లు మాత్రం ఆ బిడ్డ అడిగిననాడు అని జవాబిచ్చాను. ఆవిడ ఒప్పుకోలేదు. మా పిల్లకి ఇప్పుడు ఏడో నెల. ఆ వాదన మళ్లీ వస్తుంది, నేను గుండ్లకమ్మ పక్షమే మాట్లాడతాను.