వప

నల్లమాడ ఎర్రనేలలో వేరుశనగకు గొర్రు కట్టాలంటే ముందు పదను కావాలి. ఆ సంగతి అక్కడ పిల్లవాడికీ తెలుసు. నాకు నిఘంటువు తెరవాల్సి వచ్చింది వేరే మాట కోసం: ‘వప’.

కడుపులో పేగుల ముందు దుప్పటిలా వేలాడే కొవ్వుపొర వప. యజ్ఞపశువు వపను అగ్నిలో వేల్చేవారు కాబట్టి మాట వేదకాలం నాటిది. సంప్రదాయ వ్యుత్పత్తి దీన్ని ‘వప్’ ధాతువుకు ముడిపెడుతుంది. వప్ అంటే విత్తడం. నరకడమనే అర్థమూ ఉంది, అందుకే తల గొరగడం కూడా వపనమే! గొర్రుకూ మంగలికత్తికీ ఒకే ధాతువు సరిపెట్టిన పొదుపరులు మన వైయాకరణులు.

వప్ పండితుల మాట; మనది విత్తు. తమిళానికీ విత్తే, కన్నడానికి బిత్తు. నల్లమాడ పొలంలో వకారం రాలిపోయి ‘ఇత్తనం’.

ఇలాంటి విత్తడం వపలోనూ జరుగుతుంది. పెద్దపేగు క్యాన్సర్ పేగుగోడను తొలుచుకుని బయటిపొర దాటితే దాని కణాలు ఉదరకుహరంలోకి రాలతాయి. కణాన్ని కణానికి అతికించే ఇ-క్యాడ్‌హెరిన్ ప్రోటీన్ తగ్గడం ఆ రాలుడుకు ఒక కారణం. పట్టు దొరకని కణం మామూలుగా చచ్చిపోతుంది. ఆ చావుకు 1994లో పెట్టిన పేరు అనోయికిస్: గ్రీకులో ‘ఇల్లు లేనితనం’. అందులోని ఓయికోస్‌కు సంస్కృతంలో చుట్టం ‘వేశం’, అంటే ఇల్లే.

చావు తప్పించుకున్న కణాలు కడుపులోని కొద్దిపాటి ద్రవంలో తేలుతూ పోయి, వపలో ‘పాలచుక్కలు’ అనే రోగనిరోధక కణాల గుంపుల దగ్గర తరచు పాతుకుంటాయి. పదనుకు పదను, నేలకు నేల! విత్తనం ఎటు పడినా అనువైన నేలలోనే మొలుస్తుందని శస్త్రవైద్యుడు స్టీఫెన్ పేజెట్ 1889లోనే అన్నాడు, 735 మంది రొమ్ముక్యాన్సర్ మృతుల వివరాలు చూసి.

ఉదరపు లోపొర పేరు పెరిటోనియం. పెరి మన ‘పరి’కి తోబుట్టువు. టోన్ వెనకున్నది ‘తన్’ ధాతువుకు జ్ఞాతి: చాచడం, పరచడం. తంతువు, వితానం, సంతానం దాని బిడ్డలే. ధాతుపాఠం వప్‌కు చెప్పిన అర్థమేమో ‘బీజసంతానం’, అంటే విత్తనాలను పరచడం. వప, పెరిటోనియం రెండూ ఆ ఒక్క సమాసంలో ఇరుగుపొరుగులు.

ఋషులకు క్యాన్సర్ తెలుసునని నేననను. వపకు పేరు పెట్టినవారు పాలచుక్కలను చూడలేదు. మాటకు ఈ అర్థం తర్వాత కలిసొచ్చింది.

కానీ వైద్యుడు నల్లమాడ రైతుకు ఈ జబ్బు చెప్పాలంటే గ్రీకు అక్కర్లేదు. “లోపల ఇత్తనాలు పడినాయి” అంటే చాలు. ఏటా మొలకెత్తాలని మొక్కుకున్న మనిషి, ఆ ఒక్క విత్తు మాత్రం మాడిపోవాలని మొక్కుకుంటాడు.